ఆగ్నేయాసియా రాజధానులు – 7: తరలివచ్చిన నగరం

1767 ఏప్రిల్‌లో బర్మా సేనలు అయుత్తయ నగరాన్ని కాల్చి బూడిద చేయడంతో గత భాగం ముగిసింది. నాలుగు వందల ఏళ్లకు పైగా సయాం రాజధానిగా వెలిగిన ఆ నగరం పోయాక, కథంతా చావో ఫ్రాయా నది వెంట దిగువకు, నేటి బ్యాంకాక్‌కు సాగుతుంది. థాయ్‌లాండ్ వెళ్లే మనవాళ్ల ప్రయాణాలు కూడా చాలావరకు ఇక్కడే ముగుస్తాయి. పుకెట్, పట్టాయా, చియాంగ్ మై తిరిగొచ్చి సువర్ణభూమిలో విమానం ఎక్కే ముందు ఒక రోజు మిగులుతుంది. ఆ ఒక్క రోజులో చూసే చోట్లు దాదాపు అందరికీ ఒకటే: పొద్దున రాజప్రాసాదం, అందులోని మరకత బుద్ధుడు, పక్కనే వాట్ ఫోలో శయన బుద్ధుడు, పడవలో అవతలి ఒడ్డున వాట్ అరుణ్, సాయంత్రం చైనాటౌన్. బంగారు శిఖరాలు, గోడల నిండా రామాయణం చూసి, ఇదెంతో ప్రాచీన నగరమనే అభిప్రాయంతో జనం తిరిగివస్తారు. తేదీలు చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. ఈ రాజప్రాసాదానికి పునాది పడింది 1782లో. మన చార్మినార్ అప్పటికే రెండు వందల ఏళ్లకు దగ్గరపడింది. మరి అంత కొత్త నగరం అంత పాతదిగా ఎందుకు కనిపిస్తుంది? ఎందుకంటే అది పాత వస్తువులతో, పాత నమూనాలతో, వేరే చోట్ల నుంచి తరలించిన మనుషులతో కట్టిన నగరం. బ్యాంకాక్‌లో మనం చూసే ప్రతి ముఖ్యమైన చోటా ఏదో ఒకటి మరెక్కడి నుంచో వచ్చినదే. ఆ తరలింపు రాజ్య నిర్మాణానికి ఎంచుకున్న పద్ధతి అన్నది ఈ భాగంలో నేను చెప్పదలచుకున్న విషయం.

అయుత్తయ పడిపోయాక సయాంను మళ్లీ కూడగట్టినవాడు తాక్సిన్. తండ్రి చైనా నుంచి వలస వచ్చినవాడు. నదికి పడమటి ఒడ్డున ఉన్న థోన్‌బురిని రాజధాని చేసుకుని పదిహేనేళ్లు యుద్ధాల మీద యుద్ధాలు చేశాడు. 1782 ఏప్రిల్‌లో అతన్ని దించి, చంపి, అతని సేనానాయకుడు చావో ఫ్రాయా చక్రీ గద్దెనెక్కాడు. ఇతన్నే ఇప్పుడు మొదటి రామా అంటారు. నేటికీ సింహాసనం మీద ఉన్నది ఆ చక్రీ వంశమే. కొత్త రాజు వెంటనే రాజధానిని తూర్పు ఒడ్డుకు మార్చాడు. బర్మా దాడి వస్తే పడమటి నుంచే వస్తుంది. అప్పుడు నది కందకంలా అడ్డు ఉంటుంది. తూర్పు వైపు లోతట్టు బురదనేల శత్రుసేన నడవడానికి పనికిరాదు. థోన్‌బురి కోట ఇరుకుగా, రెండు దేవాలయాల మధ్య ఇరుక్కుని ఉండేది. ఇవన్నీ సరైన సైనిక కారణాలే. అయితే తూర్పు ఒడ్డు ఖాళీగా లేదు. ప్రాసాదం కట్టదలచిన చోట చైనా వర్తకులు కాపురముంటున్నారు. వాళ్లను అక్కడి నుంచి లేపి, కోటగోడ బయట సాంపెంగ్ అనే చోటికి పంపారు. ఇప్పుడు సాయంత్రం పూట మనం తిండి కోసం వెళ్లే చైనాటౌన్ పుట్టుక అదే. కొత్త నగరానికి స్తంభప్రతిష్ఠ 1782 ఏప్రిల్ 21న జరిగింది. ఆ నగరస్తంభం, లక్ మువాంగ్, ప్రాసాదం ఎదుటే ఉంది. దండలు వేసి మొక్కేవాళ్లు ఎప్పుడూ కనిపిస్తారు. అంటే బ్యాంకాక్ చరిత్రలో మొదట తరలింది మనుషులు, ఆ తర్వాతే రాళ్లు.

రాళ్ల సంగతికొస్తే, మొదటి రామా ముందు ఒక నమూనా ఉంది. అయుత్తయ మూడు నదుల మధ్య ద్వీపం. బ్యాంకాక్‌కు ఒకవైపే నది ఉంది కాబట్టి మిగతా వైపులా కాలువలు తవ్వించి దాన్నీ ద్వీపం చేశారు. నేటికీ పాత నగరాన్ని రత్తనకోసిన్ ద్వీపం అనే పిలుస్తారు. అయుత్తయ ప్రాసాదంలో భిక్షువులు నివసించని రాజాలయం ఒకటి ఉండేది. ఇక్కడ మరకత బుద్ధుడి ఆలయమైన వాట్ ఫ్రా కేవ్‌లోనూ భిక్షువులు నివసించరు. ప్రాసాదంలో మొదట కట్టిన పెద్ద మండపానికి అయుత్తయలోని సన్‌ఫెత్ ప్రాసాదమే నమూనా. అది 1789లో పిడుగు పడి కాలిపోయాక, దాని స్థానంలో లేచినదే నేడు కనిపించే దుసిత్ మహాప్రాసాదం. మరో రెండు తరాల తర్వాత కూడా అయుత్తయలోని స్వర్ణగిరిని చూసి, ఇక్కడ వాట్ సకేత్ పక్కన కృత్రిమంగా ఒక కొండ లేపబోయారు. మెత్తని బురదనేల బరువు ఆపలేక ఆ మొదటి ప్రయత్నం కుంగిపోయింది. పట్టు విడవకుండా తర్వాతి రాజులు పూర్తి చేశారు. కోటగోడలకు వాడిన ఇటుకల్లో చాలా భాగం అయుత్తయ శిథిలాల నుంచి పడవల్లో వచ్చినవే. అంటే ఇక్కడ పాత నగరం పోలికే కాదు, దాని ఒళ్లు కూడా దిగింది. వాట్ ఫోలో ఉన్న నాలుగు పెద్ద చైత్యాల్లో ఆకుపచ్చ పలకలు పొదిగిన దాని కడుపులో, అయుత్తయలో పదహారు మీటర్ల ఎత్తున నిలబడిన సన్‌ఫెత్ బుద్ధ విగ్రహం అవశేషాలున్నాయి. బంగారం కోసం బర్మా సైనికులు దాన్ని కాల్చాక మిగిలినది తెచ్చి, దాని మీద చైత్యం కట్టారు. ఫొటోలు దిగి వెళ్లిపోయేవాళ్లకు ఆ చైత్యం ఒక రంగుల శిఖరం. కట్టినవాళ్లకు అది చచ్చిపోయిన రాజధానికి కొత్త దేహం.

విగ్రహాల తరలింపు ఇంకా విస్తారం. మొదటి రామా ఉత్తరాదిన పాడుబడ్డ నగరాల నుంచి 1,200 పైచిలుకు బుద్ధ విగ్రహాలను బ్యాంకాక్‌కు రప్పించాడు. వాటిలో చాలా వాట్ ఫో మండపాల్లో వరుసలు తీరి కూర్చున్నాయి. సుఖోథాయ్ నుంచి ఎనిమిది మీటర్ల కంచు బుద్ధుణ్ణి 1808లో తెచ్చి, ఆయన కోసమే వాట్ సుథాత్ కట్టడం మొదలుపెట్టారు. చైనాటౌన్ అంచున వాట్ త్రైమిత్‌లో ఉన్న సుఖోథాయ్ తరహా విగ్రహం కూడా ఇలా దిగువకు వచ్చినదే. దాన్ని ఎప్పుడో సున్నపు పూతతో కప్పేశారు. 1955లో కొత్త మందిరంలోకి ఎత్తుతుంటే పూత పగిలి, లోపల దాదాపు అయిదున్నర టన్నుల బంగారు బుద్ధుడు బయటపడ్డాడు. అందరికంటే పేరున్నది మరకత బుద్ధుడు. ఎత్తు 66 సెంటీమీటర్లే. పేరులో మరకతం ఉన్నా అది ఆకుపచ్చ రాయి. 1434లో చియాంగ్ రాయ్‌లో ఒక చైత్యం మీద పిడుగు పడినప్పుడు బయటపడిందని సంప్రదాయం. అక్కడి నుంచి లంపాంగ్, చియాంగ్ మై, లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్ తిరిగి, 1560లలో వియంచాన్ చేరింది. అక్కడ రెండు శతాబ్దాలకు పైగా పూజలందుకుంది. తాక్సిన్ సేనానిగా ఉన్న రోజుల్లో వియంచాన్‌ను జయించి దాన్ని థోన్‌బురికి తెచ్చినవాడు ఈ చక్రీయే. కొంతకాలం వాట్ అరుణ్‌లో ఉంచి, 1784లో కొత్త ప్రాసాదంలోకి మార్చారు. వియంచాన్‌లో ఆ విగ్రహం ఉన్న ఆలయం ఇవాళ ప్రదర్శనశాల. లోపల అది తప్ప మిగతావన్నీ ఉన్నాయి.

ఎందుకింత తరలింపు? ఆ కాలపు ఆగ్నేయాసియాలో కొరత నేలకు కాదు, మనుషులకు. వరి పండే పల్లపునేల ఎంతైనా ఉంది. దున్నే చేతులు, కాలువ తవ్వే చేతులు, కత్తి పట్టే చేతులు తక్కువ. అందుకే యుద్ధాల్లో గెలిచినవాడు సరిహద్దు జరుపుకోవడం కంటే ఊళ్లను ఊళ్లుగా జనాన్ని తీసుకుపోవడానికే చూసేవాడు. 1767లో బర్మా సేనలు అయుత్తయ నుంచి వేలమందిని తమ దేశానికి తీసుకుపోయింది అందుకే. కొత్త రాజ్యం ఆ లోటును అదే దారిలో పూడ్చుకుంది. బ్యాంకాక్ కాలువల్లో ఖ్మేర్ జనం చెమట ఉంది, గోడల్లో లావో జనం చెమట ఉంది. సెన్ సేప్ కాలువ పక్కన బాన్ క్రువా పేటలో ఉన్నవాళ్లు కంబోడియా వైపు నుంచి వచ్చిన చామ్ ముస్లింల సంతతి. సయాం నౌకాదళంలో పనిచేసి, తర్వాత పట్టు నేతలో పేరు తెచ్చుకున్నారు. ఈ లెక్కలో విగ్రహం కూడా మనిషి లాంటిదే. రాజ్యాన్ని కాపాడే శక్తి దానిలో ఉందని నమ్మినప్పుడు, అది ఎవరి దగ్గరుంటే వాళ్ల బలం పెరుగుతుంది. వియంచాన్ రాజు అనోవాంగ్ 1827లో తిరగబడింది, తరలించిన తన జనాన్ని తిరిగి తెచ్చుకోవాలనే. ఆ తిరుగుబాటును అణచి, సయాం సేనలు వియంచాన్‌ను నేలమట్టం చేసి, ఇంకా ఎక్కువమందిని మెకాంగ్ దాటించాయి. అయుత్తయకు జరిగినదే అరవై ఏళ్ల తర్వాత, అయుత్తయ వారసుల చేతుల మీదుగా, మరో నగరానికి జరిగింది.

గ్రంథాలు, చట్టాలు, కథలూ ఇలాగే పోగయ్యాయి. 1788లో పండిత భిక్షువులను కూర్చోబెట్టి త్రిపిటకాన్ని పరిష్కరించారు. కాలిపోగా మిగిలిన అయుత్తయ చట్టాలను జల్లెడ పట్టి 1805లో మూడు ముద్రల ధర్మశాస్త్రంగా స్థిరపరిచారు. రాజాభిషేక తంతు ఎలా జరగాలో పాత కొలువులో పనిచేసిన వృద్ధుల దగ్గర కనుక్కుని, 1785లో రాజు పూర్తి పద్ధతిలో మళ్లీ అభిషేకం చేయించుకున్నాడు. ఆ తంతులకు కావలసిన బ్రాహ్మణుల కోసం దేవస్థానం, దాని ఎదుట పెద్ద ఊయల స్తంభాలు 1784లో లేచాయి. తిరుప్పావై, తిరువెంబావై పాశురాల ఛాయలు ఆ ఆస్థాన బ్రాహ్మణుల పూజల్లో ఇప్పటికీ ఉన్నాయి. అదే రాజు 1797లో థాయ్ రామాయణమైన రామకియన్‌ను పూర్తి రూపంలో రాయించాడు. వాట్ ఫ్రా కేవ్ ప్రాకారం చుట్టూ 178 చిత్రాలుగా ఉన్నది ఆ కథే. వాల్మీకిలో లేకపోయినా మన తోలుబొమ్మలాటల్లో, జానపద కథల్లో ఉన్న మైరావణ వృత్తాంతం అక్కడుంది. పాతాళానికి దిగిన హనుమంతుడు తన కొడుకైన మత్స్యవల్లభుడితో తలపడే ఘట్టమూ ఉంది. ఈ హనుమంతుడు బ్రహ్మచారి కాదు, ప్రేమవ్యవహారాలు నడిపేవాడు. పేర్లు, స్వభావాలు మారినా ఆ కథను అక్కడ గీయించడంలో ఉద్దేశం స్పష్టం: అయోధ్య పేరు పెట్టుకున్న రాజధాని కూలినా, రాముడి పాలన ఇక్కడ కొనసాగుతోంది. మూడో రామా కాలానికి ఈ పోగు విజ్ఞానానికి పాకింది. వైద్యం, మర్దన, ఛందస్సు, నీతి మొదలైన విషయాల మీద శాసనాలు చెక్కించి వాట్ ఫో గోడలకు అతికించారు. వాటిని యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. 46 మీటర్ల శయన బుద్ధుణ్ణి చూడడానికి బారులు తీరేవాళ్లు ఆ ఫలకాలను దాటుకుంటూ పోతారు. నిజానికి ఆ గుడి ఒక విద్యాపీఠంగా పనిచేసింది.

దీనికి ఒక అభ్యంతరం సులభంగానే వస్తుంది. వేరే చోటి నుంచి తెచ్చి కట్టుకోని రాజధాని ఏది? ఢిల్లీలో కుతుబ్ మినార్ పక్కన మసీదుకు 27 ఆలయాల స్తంభాలు వాడారు. వెనిస్‌లో సెయింట్ మార్క్ చర్చి మీది కంచు గుర్రాలు 1204లో కాన్‌స్టాంటినోపుల్ దోపిడీలో వచ్చినవి. బ్యాంకాక్ ప్రత్యేకత ఏమిటి? తేడా తెచ్చిన వస్తువుకు ఇచ్చిన స్థానంలో ఉంది. వెనిస్ గుర్రాలు గెలుపు గుర్తుగా అలంకారమయ్యాయి. గెలిచినవాడు వాటికి మొక్కలేదు. మరకత బుద్ధుడి విషయంలో గెలిచినవాడే సేవకుడయ్యాడు. ఏటా మూడు రుతువుల మార్పుకు మూడుసార్లు విగ్రహానికి వస్త్రం మార్చేది స్వయంగా రాజు. ఇవ్వడం కూడా అధికారంలో భాగమే అయింది. లువాంగ్ ప్రబాంగ్‌కు ప్రాణప్రదమైన ఫ్రా బాంగ్ విగ్రహాన్ని సయాం రాజులు తెచ్చారు, తిరిగి ఇచ్చారు, 1828లో మళ్లీ తెచ్చారు, 1867లో మళ్లీ ఇచ్చారు. మరకత బుద్ధుణ్ణి మాత్రం ఇవ్వలేదు. ఏది ఇవ్వవచ్చో, ఏది ఇవ్వకూడదో తేల్చుకున్న ఆ తీరు చూస్తే ఇది యాదృచ్ఛికంగా జరిగిన దోపిడీ అని చెప్పలేం.

రెండో అభ్యంతరం భక్తి తరఫు నుంచి వస్తుంది. ఎండకు ఎండి, వానకు తడిసిన అనాథ విగ్రహాలను రక్షించడం పుణ్యకార్యం కాదా, దాన్ని రాజనీతిగా చూడడం మన కాలపు అనుమానం కాదా? సుఖోథాయ్, అయుత్తయ శిథిలాల విషయంలో ఈ మాట సరైనదే. అయితే వియంచాన్ శిథిలం కాదు, మరకత బుద్ధుడు అక్కడ అనాథ కాదు. భక్తి ఒక్కటే కారణమైతే నిత్యపూజ జరుగుతున్న చోటి నుంచి ఎత్తుకురావలసిన పని లేదు. అలాగని భక్తిని ముసుగు అని కొట్టేయడమూ తప్పే. ధర్మాన్ని నిలబెట్టేవాడే రాజు అని నమ్మే సమాజంలో పుణ్యం, అధికారం ఒకే ఖాతాలో జమ అవుతాయి. మూడో అభ్యంతరం మరింత బలమైనది: నగరాన్ని నిజంగా నిలబెట్టింది సాంపెంగ్ వర్తకులు కదా? ఇది నేను ఒప్పుకునే సవరణ. చైనాతో నౌకావర్తకం లేకపోతే ఆ గుళ్లకు డబ్బు లేదు. మూడో రామా యువరాజుగా ఉన్నప్పుడే ఆ వర్తకంలో ఆరితేరినవాడు. ఆయన కాలంలో పూర్తయిన వాట్ అరుణ్ శిఖరమంతా చైనా పింగాణీ ముక్కలే. వాట్ ఫో వాకిళ్లలో నిలబడిన రాతి బొమ్మలు, ఓడ బరువు కోసం చైనా నుంచి వేసుకొచ్చినవి. కాబట్టి బ్యాంకాక్‌లోకి రెండు రకాల రాకలున్నాయి: బలవంతంగా తెచ్చినవి, బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చినవి. రెండోవి లేకపోతే మొదటివి నిలిచేవి కావు.

1855లో బ్రిటన్‌తో కుదిరిన బౌరింగ్ ఒప్పందంతో కాలం మారింది. దిగుమతి సుంకం మూడు శాతానికి పడింది. గుర్రబ్బండ్లు నడపడానికి రోడ్లు లేవని విదేశీ కాన్సుళ్లు అడిగితే, 1860లలో చరోన్ క్రుంగ్ రోడ్డు వేశారు. కాలువల నగరం నేల మీదికి తిరగడం అక్కడ మొదలైంది. ఇంకోవైపు ఫ్రెంచి, బ్రిటిష్ వలసలు చుట్టుముట్టాయి. ఇక యుద్ధం చేసి జనాన్ని తోలుకురావడం కుదరదు. పద్ధతి మాత్రం చావలేదు. తెచ్చే చోటు, తెచ్చే సరుకు మారాయి. అయిదో రామా చులలాంకార్న్ 1871–72లో సింగపూర్, జావా, ఇండియా, తర్వాత 1897లో యూరప్ తిరిగి చూశాడు. ప్రాసాదం నడిబొడ్డున 1882లో పూర్తయిన చక్రీ మహాప్రాసాదాన్ని ఇంగ్లండు శిల్పి యూరప్ పద్ధతిలో గీశాడు. పైన గుమ్మటాలకు బదులు థాయ్ శిఖరాలు పెట్టాలని కొలువులోని పెద్దలు పట్టుబట్టారు. ఫరంగీకి కిరీటం పెట్టినట్టుందని అప్పటి జనం నవ్వుకున్నారట. 1908లో మొదలైన అనంత సమాఖోమ్ సింహాసన మందిరం కోసం ఇటలీ శిల్పులు వచ్చారు, కరారా పాలరాయి వచ్చింది. వలస పాలకులు నాగరికత నేర్పడానికి వచ్చామని చెప్పుకుంటున్న రోజుల్లో, ఆ నాగరికత గుర్తులు మా దగ్గర ముందే ఉన్నాయని చూపడం రాజ్యరక్షణే. ఒకప్పుడు మరకత బుద్ధుడు చేసిన పని ఇప్పుడు కరారా రాయి చేయవలసి వచ్చింది. అది కొంతవరకే పనిచేసింది. 1893లో ఫ్రెంచి తుపాకి ఓడలు చావో ఫ్రాయాలోకి వచ్చి నిలబడ్డాయి. 1909 నాటికి లావో, ఖ్మేర్, మలయ భూభాగాలను సయాం వదులుకోవలసి వచ్చింది. సింహాసనం మాత్రం మిగిలింది.

ఏది తెచ్చి నిలబెట్టాలో తేల్చే అధికారానికి, ఏది తీసేయాలో తేల్చే అధికారమూ తోడుంటుంది. 1932 జూన్ 24న జరిగిన తిరుగుబాటుతో రాజు నిరంకుశాధికారానికి ముగింపు పడింది. కొత్త ప్రభుత్వం రాచదమ్నోన్ రహదారి మధ్య ప్రజాస్వామ్య స్మారకం కట్టించింది. ఆ తేదీకి గుర్తుగా దాని రెక్కలు 24 మీటర్లు. దాని మీది బొమ్మలు మలిచింది ఇటలీ నుంచి వచ్చి స్థిరపడిన కొరాదో ఫెరోచి. రాజధర్మం పోయినా తెప్పించుకునే అలవాటు పోలేదు. ఆ తిరుగుబాటు జరిగిన చోట నేలలో పొదిగిన లోహ ఫలకం 2017 ఏప్రిల్‌లో మాయమై, దాని చోట రాజభక్తి మాటలున్న మరో ఫలకం వెలిసింది. పాత కోటబురుజుల్లో మిగిలిన రెంటిలో ఒకటైన మహాకాన్ పక్కన తరతరాలుగా ఉన్న చెక్క ఇళ్ల పేటను, పాతికేళ్ల పోరాటం తర్వాత 2018లో ఖాళీ చేయించి పార్కు చేశారు. బురుజు ఉంది, బురుజు పక్కన బతికినవాళ్లు లేరు. దీనికి విరుద్ధంగా, బాన్ క్రువాకు ఎదురుగా కాలువ ఒడ్డున ఉన్న జిమ్ థాంప్సన్ ఇల్లు చూడడానికి టికెట్ కొంటాం. అమెరికా నుంచి వచ్చిన ఆ పట్టు వ్యాపారి అయుత్తయ నుంచి, బాన్ క్రువా నుంచి ఆరు పాత టేకు ఇళ్లు విప్పించి తెచ్చి, ఒక్కటిగా కలిపి 1959లో గృహప్రవేశం చేశాడు. మొదటి రామా రాజ్యానికి చేసినదాన్నే ఒక వ్యాపారి తన ఇంటికి చేసుకున్నాడు. తెచ్చి కూర్చిన ఇల్లు వారసత్వమైంది. నాటుకుని పెరిగిన పేట ఆక్రమణ అయింది.

అందుచేత చివరి రోజు బ్యాంకాక్ చూసేవాళ్లు ఒక్కో చోటా వేసుకోవలసిన ప్రశ్న 'ఇది ఎంత పాతది' అన్నది కాదు. 'ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు, దాని పాత చోట ఇప్పుడేముంది' అన్నది. అలా అడిగితే ప్రాసాదం మనల్ని వియంచాన్‌కు, వాట్ ఫో అయుత్తయకు, వాట్ అరుణ్ దక్షిణ చైనా రేవులకు, కోటగోడ పేరు లేని ఖ్మేర్, లావో కూలీల దగ్గరకు తీసుకుపోతాయి. తన గతాన్ని పోగొట్టుకున్న రాజ్యం మరో గతాన్ని ఇటుక ఇటుకగా చేర్చుకుని నిలబడడం గొప్ప సాధనే. ఆ సాధనకు ఇతరులు చెల్లించిన వెల కూడా అదే నగరంలో, అదే టికెట్టుకు కనిపిస్తుంది. రెంటినీ కలిపి చూడడమే చరిత్ర చూడడం. వచ్చే భాగంలో రంగూన్‌కు వెళదాం. 1852 తర్వాత బ్రిటిష్‌వాళ్లు నిలువు అడ్డం వీధులు గీసి కట్టిన ఆ రేవుపట్నంలో తరలివచ్చినవాళ్లలో మనవాళ్లే ఎక్కువ: కోరంగి వైపు నుంచి ఓడెక్కిన తెలుగు కూలీలు, 1930లో వాళ్ల సమ్మె చుట్టూ చెలరేగిన అల్లర్లు.